పెరట్లోకి ఈడ్చిన ఆర్గాన్: పయనీర్ల ఇల్లు నిజంగా అంత సింపులా?

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, కస్టర్ కౌంటీలో సోలమన్ బుచర్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. 1886 నుంచి బండి కట్టుకుని ఊరూరా తిరిగి, కొత్తగా వచ్చి సాగు మొదలుపెట్టిన కుటుంబాలను వాళ్ల మట్టి ఇళ్ల ముందు నిలబెట్టి ఫొటోలు తీశాడు. హిల్టన్ అనేవాళ్ల దగ్గరికి వెళ్లేసరికి చిక్కొచ్చింది. మట్టి ఇంటి ముందు ఫొటో దిగనంటే దిగనని ఆ ఇంటావిడ పట్టుబట్టింది. తాము మట్టిలో బతుకుతున్నామని తూర్పు రాష్ట్రాల్లో తెలిసినవాళ్లు అనుకోవడం ఆవిడకు ఇష్టం లేదు. కానీ ఇంట్లో ఆర్గాన్ ఉన్న సంగతి మాత్రం వాళ్లకు తెలియాలి. చివరికి ఆ బరువైన వాయిద్యాన్ని బయటికి ఈడ్చుకొచ్చి పెరట్లో పెట్టి, చుట్టూ కుటుంబమంతా నిలబడి ఫొటో దిగారు. వెనకాల పశువులు కనిపిస్తాయి, ఇల్లు కనిపించదు.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఉల్టా నడుస్తోంది. ఇంట్లో లేటెస్ట్ కిచెన్ ఉన్నవాళ్లే పొడుగు గౌను వేసుకుని, కట్టెల పొయ్యి ముందు కూర్చుని, రొట్టె పిండి పిసుకుతూ రీల్స్ పెడుతున్నారు. 'హోమ్‌స్టెడింగ్' (పాత పద్ధతిలో సొంతంగా పండించుకుని బతకడం) అని వెతికితే ఆ వీడియోలు చూసినకొద్దీ వస్తూనే ఉంటాయి. ఆ పాతకాలపు జీవితమే సింపుల్, అదే నయం అన్నది వాటి సారాంశం. డాలస్‌లో ఉండే మా కజిన్ కూడా ఈ మధ్య ఐదెకరాలు కొని కోళ్లు పెంచుకుందామా అని ఇంట్లో కదిపాడు. "ముందు ఆ డిష్‌వాషర్ ఖాళీ చెయ్యండి" అందట వాళ్లావిడ.

ఆవిడ మాటలో ఈ వ్యవహారం సగం ఉంది. మిగతా సగం తేలాలంటే బుచర్ ఫొటోల్లోని ఆ పయనీర్ల ఇంట్లోకి వెళ్లి చూడాలి.

పద్దెనిమిది డాలర్లకు నూట అరవై ఎకరాలు

పయనీర్ అంటే అందరికన్నా ముందు వెళ్లినవాడని అర్థం. అమెరికాలో ఈ మాటను ముఖ్యంగా 19వ శతాబ్దంలో తూర్పు రాష్ట్రాల నుంచీ యూరప్ నుంచీ పశ్చిమానికి వెళ్లి సాగు మొదలుపెట్టినవాళ్లకు వాడతారు. సెటిలర్లన్నా వాళ్లే. హైదరాబాద్ రాజకీయాల్లో 'సెటిలర్' మాటకు ఉన్న బరువు మనకు తెలియంది కాదు. కర్ణాటకలోని తుంగభద్ర ఆయకట్టులో, సింధనూరు, గంగావతి వైపు మన కోస్తా రైతులు వెళ్లి కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ 'క్యాంపు' అనే పిలుస్తారు. అక్కడి పాత తరాన్ని కదిపితే, గుడిసెలూ పాములూ నీళ్ల తిప్పలూ కలిపి, ఈ కథకు దగ్గర కథే వినిపిస్తుంది.

అమెరికా వలసకు ఊపు తెచ్చింది 1862 మే 20న అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం. కుటుంబ పెద్దయినా, 21 ఏళ్లు నిండిన వ్యక్తయినా 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒంటరి ఆడవాళ్లకూ ఆ హక్కు ఉండేది. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. అక్కడే ఇల్లు కట్టుకుని, ఐదేళ్లు కాపురముండి, సాగు చేసి చూపిస్తే పట్టా చేతికొస్తుంది. మొత్తం మీద 16 లక్షలకు పైగా పట్టాలిచ్చారు. ఆ నేల దాదాపు 27 కోట్ల ఎకరాలు, అంటే దేశంలో పదో వంతు.

ఇల్లు '12 బై 14' ఉంటే చాలన్నారు గానీ, అడుగులో అంగుళాలో రాయడం మర్చిపోయారు. కొందరు ఘనులు 12 అంగుళాలకు 14 అంగుళాల బొమ్మరిల్లు పెట్టేసి, ఇల్లు కట్టామని ప్రమాణం చేశారు. చట్టంలో సందు దొరికితే దూరడంలో ఎవరూ ఎవరికీ తీసిపోరు.

ఇంకో సంగతి వీడియోల్లో కనిపించదు. ఆ నేల ఖాళీగా పడి లేదు. ఈ చట్టం కింద మొదటి దరఖాస్తుదారుడిగా చెప్పే డేనియల్ ఫ్రీమన్ పొలం నెబ్రాస్కాలోని బియాట్రిస్ దగ్గర ఉంది, ఇప్పుడది జాతీయ చారిత్రక పార్కు. ఆ ప్రాంతం ఓటో-మిస్సోరియా తెగ వాళ్లది. 1854 ఒప్పందంలో వాళ్లు చాలా భాగం వదులుకుని, దగ్గర్లోనే ఒక రిజర్వేషన్‌కు, అంటే తెగకు కేటాయించిన ప్రాంతానికి పరిమితమయ్యారు. 1880ల మొదట్లో అక్కడి నుంచి కూడా కదిలి, ఇప్పటి ఓక్లహోమాకు వెళ్లాల్సి వచ్చింది. పయనీర్ ఇంటి లెక్క రాసేటప్పుడు ఈ పద్దు కూడా రాయాలి.

ఒక ఇంటికి ఎకరం నేల చర్మం

నెబ్రాస్కా, కాన్సస్, డకోటా మైదానాల్లో చెట్లు తక్కువ, కలప కొనాలంటే డబ్బు కావాలి. ఉన్నదల్లా గడ్డి. వేల ఏళ్లుగా వేళ్లు పెనవేసుకుపోయిన ఆ పైపొర మట్టిని 'సాడ్' అంటారు. ప్రత్యేకమైన నాగలితో దాన్ని అడుగు వెడల్పు, నాలుగంగుళాల మందంతో పట్టీలుగా లేపి, పారతో రెండు మూడు అడుగుల ముక్కలుగా కోసేవాళ్లు. ఆ పెళ్లలను గడ్డి వైపు కిందికి పెట్టి వరసలుగా పేర్చితే రెండు మూడడుగుల మందం గోడ లేచేది. 16 అడుగులకు 20 అడుగుల ఇంటికి ఇంచుమించు ఎకరం నేల పైపొర పట్టేది. ఆ ఇల్లు 320 చదరపు అడుగులు, మన లెక్కలో 36 గజాలు కూడా ఉండదు. అమెరికాలో కొత్తగా కట్టే ఇళ్ల మధ్యస్థ విస్తీర్ణం 1970ల మొదట్లో సుమారు 1,500 చదరపు అడుగులుండేది, 2015కి 2,400 దాటింది.

మట్టి గోడ వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండేది. పైకప్పుతోనే వచ్చింది తంటా. పైన కూడా మట్టిపెళ్లలే కావడంతో, వానొస్తే ఇంట్లోకి బురద కారేది. బయట వాన తగ్గినా లోపల ఇంకా కారుతూనే ఉండేది. పొయ్యి మీద వంట చేస్తూ గొడుగు పట్టుకున్న సంగతులు ఆ కాలపు జ్ఞాపకాల్లో కనిపిస్తాయి. పైనుంచి మట్టి, పురుగులు, అప్పుడప్పుడూ పాములు పడకుండా కప్పు కింద పల్చటి గుడ్డ కట్టేవాళ్లు.

పొయ్యిలోకి కట్టెల్లేవు. అడవిదున్నల ఎండిన పేడ ఏరుకొచ్చి మండించేవాళ్లు. పిడక మనకు కొత్త కాదు గానీ, తూర్పు పట్టణాల నుంచి వచ్చిన ఆడవాళ్లకు అది పెద్ద పరీక్ష. మొదట్లో రెండు పుల్లలతో ఎత్తేవాళ్లమనీ, తర్వాత గుడ్డతో పట్టుకున్నామనీ, ఆపైన కొంగు లాంటి ఆప్రాన్ అంచుతో, చివరికి ఉత్త చేత్తోనే ఏరామనీ వాళ్లు చెప్పుకున్నారు. కోట్లలో ఉన్న దున్నలు వేటకు బలై 1880ల చివరికి వెయ్యి కూడా మిగల్లేదు. ఆ పేడ అయిపోయాక ఆవు పేడ, మొక్కజొన్న కండెలు, పురి పెట్టిన ఎండుగడ్డి పొయ్యిలోకి వెళ్లాయి. గడ్డి భగ్గున మండి ఆరిపోతుంది కాబట్టి పొయ్యి దగ్గర ఒక మనిషి కూర్చునే ఉండాలి.

'సింపుల్' అన్న మాటను విడదీస్తే

ఈ చర్చలో గందరగోళమంతా ఒక్క మాట దగ్గర మొదలవుతోంది. సింపుల్ లైఫ్ అన్నప్పుడు ఒకరు సామాన్లు తక్కువని అంటున్నారు. ఇంకొకరి ఉద్దేశం ఎంచుకోవాల్సినవి తక్కువని: ఏం తినాలి, ఏం చూడాలి, ఏ ప్లాన్ తీసుకోవాలి అనే టెన్షన్ లేదని. మరొకరి మనసులో ఉన్నది పని తేలికని. ఇంకొందరికేమో ఎవరి మీదా ఆధారపడకపోవడం.

మొదటి రెండు అర్థాల్లో పయనీర్ ఇల్లు సింపులే, సందేహం లేదు. రెండు జతల బట్టలు, నాలుగు గిన్నెలు, రోజూ మొక్కజొన్న పిండి, ఉప్పేసిన పంది మాంసం, చిక్కుడు గింజలు. మూడో అర్థంలో చూస్తే లెక్క తిరగబడుతుంది. నాలుగోది అసలు చిక్కుముడి.

ఒక్క వాయి బట్టలకు ఎన్ని బిందెలు?

పని సంగతి తేలాలంటే ఏదో ఒక్క పనిని మొదటి నుంచి చివరిదాకా లెక్కేయడం మేలు. బట్టలుతకడం తీసుకుందాం. 1886లో రైతు సంఘం మనిషి ఒకాయన వేసిన లెక్క ఉంది. అది పశ్చిమ మైదానాల్లోది కాదు, నార్త్ కరోలినాది. అయినా చేదబావిదే కాబట్టి మనకు పనికొస్తుంది. ఒక వాయి బట్టలు ఉతికి, ఉడకబెట్టి, జాడించడానికి 50 గ్యాలన్ల నీళ్లు కావాలి. అంటే సుమారు 190 లీటర్లు, మన పదిహేను లీటర్ల బిందెతో పన్నెండు పదమూడు బిందెలు. ఇంటి అవసరాలన్నిటికీ కలిపి నీళ్లు మోయడానికే ఒక ఇల్లాలు ఏడాదిలో 148 మైళ్లు నడిచి, 36 టన్నులకు పైగా మోస్తోందని తేలింది. 148 మైళ్లంటే 238 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో ఎక్కువ భాగం నడిచినట్టు.

నీళ్లు తెచ్చాక వాటిని కాచడానికి పొయ్యి ఉంది. ఆ పొయ్యిలోకి ఏం కావాలో పైన చూశాం. సబ్బు కూడా ఇంట్లోనే చాలామంది చేసుకునేవాళ్లు. కట్టెల బూడిదలోంచి నీళ్లు వడగట్టి క్షారం తీసి, పంది కొవ్వుతో కలిపి ఉడికించాలి. క్షారం పాళ్లు ఎక్కువైతే చేతులు కాలతాయి, తక్కువైతే జిడ్డు మిగులుతుంది. తర్వాత రుద్దడం, పిండడం, ఆరేయడం. పొయ్యి మీద ఇనప ముక్కలు కాచి ఇస్త్రీ చేయడం మర్నాటి పని. సోమవారం ఉతుకు, మంగళవారం ఇస్త్రీ అని చాలా ఇళ్లలో రోజులు కూడా కట్టుకున్నారు.

ఇప్పుడదే పనికి మనం చేసేది బట్టలు వేయడం, బటన్ నొక్కడం, ఆరేయడం.

మరి మెషిన్లొచ్చాక మిగిలిన టైమ్ ఎటు పోయింది?

పాత జీవితమే నయమనేవాళ్లకు బలమైన వాదన ఇక్కడ దొరుకుతుంది. జోన్ వానెక్ అనే పరిశోధకురాలు 1974లో ఒక పోలిక ప్రచురించారు. ఉద్యోగం చేయని గృహిణులు 1920ల్లో వారానికి 52 గంటలు ఇంటి పని చేస్తుండగా, 1960ల్లో 55 గంటలు చేస్తున్నారని తేలింది. నడుమ వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, వాక్యూమ్ క్లీనర్ అన్నీ వచ్చాయి. అయినా గంటలు తగ్గలేదు.

ఎందుకో 1983లో చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ వివరించారు. యంత్రం ముందుగా తీసేసింది మగవాళ్ల పనినీ పిల్లల పనినీ అని ఆమె వాదన. ఇనప పొయ్యి వచ్చాక కట్టెలు సగం సరిపోయాయి. కట్టెలు కొట్టేది ఎవరు? మగవాడు. పిండి మిల్లులొచ్చాక మొక్కజొన్నలు దంచే మగవాడి పనీ తగ్గింది. కానీ మెత్తని తెల్ల పిండి దొరికేసరికి జావ కాచే చోట ఈస్టు రొట్టెలూ కేకులూ వచ్చాయి, అవి చేసేది ఆవిడే. ఏడాదికోసారి ఇంటిల్లిపాదీ తివాచీలు బయటేసి దులిపే చోట, ఆవిడొక్కతే వారం వారం వాక్యూమ్ పట్టడం మొదలైంది. శుభ్రతకు కొలబద్ద పెరిగింది, చేసే చేతులు తగ్గాయి.

దీనికి నెబ్రాస్కా దాకా వెళ్లక్కర్లేదు. రుబ్బురోలు రోజుల్లో చాలా ఇళ్లలో ఇడ్లీ పండగ నాటి మాట. గ్రైండర్ వచ్చి పని తగ్గించింది, దాంతో ఇడ్లీ రోజువారీ అయింది. ఇప్పుడు దానికి రెండు రకాల చట్నీ కూడా ఉండాలి.

అయితే ఈ కథ ఇక్కడితో ఆగలేదు. వానెక్ పోల్చింది గృహిణులను గృహిణులతో. బయట ఉద్యోగానికి వెళ్లినవాళ్లు ఆ లెక్కలో లేరు. ఆర్థికవేత్త వాలరీ రేమీ 2009లో అందరినీ కలిపి లెక్కేశారు. పని వయసు ఆడవాళ్ల ఇంటి పని 1900 నుంచి 1965 మధ్య వారానికి ఆరు గంటలు, 1965 నుంచి 2005 మధ్య మరో పన్నెండు గంటలు తగ్గింది. మగవాళ్లది 1900-2005 మధ్య పదమూడు గంటలు పెరిగింది. అంటే పని పెద్దగా మాయమవలేదు, కొంత చేతులు మారింది. డాలస్ డిష్‌వాషర్ ఆ పదమూడు గంటల్లోనిదే.

ఈ లెక్కలన్నీ గంటల్లో కొలిచినవని కూడా గుర్తుంచుకోవాలి. పదమూడు బిందెలు మోసిన గంటా, ఆరిన బట్టలు మడతపెట్టిన గంటా లెక్కలో ఒకటే. నడుముకు మాత్రం ఒకటి కాదు.

ఎవరి మీదా ఆధారపడని ఇల్లు ఉందా?

పయనీర్ అనగానే అన్నీ సొంతంగా చేసుకునే మనిషి గుర్తొస్తాడు. కానీ ఆ మట్టి ఇంట్లోనే చుట్టూ చూడండి. కిటికీ అద్దం, ఇనప పొయ్యి, నాగలి కర్రు, కాఫీ గింజలు, కిరసనాయిలు, సూదులు, ఏవీ అక్కడ పుట్టినవి కావు. 1869లో ఖండాన్ని దాటే రైలు మార్గం పూర్తయింది. 1872లో మాంట్‌గమరీ వార్డ్ అనే కంపెనీ పోస్టు ద్వారా సామాన్లు అమ్మే కేటలాగ్ మొదలుపెట్టింది. రైతు పండించిన గోధుమ అదే రైల్లో వెళ్లి దూరదేశాల మార్కెట్ ధరకు అమ్ముడుపోవాలి. ధర పడితే కొట్లో ఖాతా పెరుగుతుంది. హిల్టన్ గారి ఆర్గాన్ కూడా గడ్డి మైదానంలో మొలవలేదు.

వానా ఎండా మీద ఆధారపడటం దీనికి అదనం. 1874 వేసవిలో రాకీ మౌంటెన్ మిడతలు మబ్బులా దిగి పైరంతా తినేశాయి. నేలలో ఉన్న ఉల్లిగడ్డలను గుంటలు మిగిలేలా తొలిచేశాయి. చెమట ఉప్పు పట్టిన గుర్రపు జీనులనూ పనిముట్ల పిడులనూ కొరికాయి. ఆ చలికాలం గట్టెక్కడానికి ప్రభుత్వం ఆహారంతో పాటు సైన్యం కోట్లు కూడా పంచాల్సి వచ్చింది.

అయినా ఒక తేడా ఉంది, పాతకాలం అభిమానులు చెప్పేది ఇక్కడ నిజం. పయనీర్ ఇంట్లో ఏది ఎందుకు ఆగిపోయిందో ఇంట్లోవాళ్లకు కనిపిస్తుంది. పొయ్యి ఆరిపోతే గడ్డి అయిపోయినట్టు. మన ఇంట్లో చిక్కుముడి గోడ వెనకాల ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపాను వచ్చినప్పుడు 45 లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. గ్యాస్ హీటర్లున్న ఇళ్లు కూడా చల్లబడిపోయాయి, ఎందుకంటే వేడి గాలిని గదుల్లోకి తోసే ఫ్యాన్‌కు కరెంటు కావాలి. ఆ కరెంటు తయారుచేసే ప్లాంట్లకు గ్యాస్ కావాలి, గ్యాస్‌ను పంపే యంత్రాలకు మళ్లీ కరెంటు కావాలి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూలాయి. మా కజిన్ వాళ్లు రెండు రాత్రులు కార్లో హీటర్ వేసుకుని ఫోన్లు చార్జ్ చేసుకున్నారు. కోళ్ల ఆలోచన అప్పుడే మొదలైందని నా అనుమానం.

కానీ టెక్సస్ సంఘటన వార్త అయింది, అలాంటిది అరుదు కాబట్టి. పయనీర్లకు ప్రతి చలికాలమూ గండమే. 1915 ప్రాంతంలో కూడా అమెరికాలో పుట్టిన వెయ్యి మంది పిల్లల్లో దాదాపు వంద మంది ఏడాది నిండకుండానే పోయేవారు. ఇప్పుడా సంఖ్య ఆరు లోపే. ఈ తేడా తెచ్చింది శుభ్రమైన నీళ్లు, టీకాలు, ఆస్పత్రులు, అంటే మనం విసుక్కునే ఆ కనిపించని పెద్ద వ్యవస్థలే.

చట్టం కట్టిన ఒంటరితనం

అప్పట్లో మనుషులు కలిసిమెలిసి ఉండేవారన్నది ఇంకో మాట. ఇళ్లు కట్టేటప్పుడు, నూర్పిళ్లప్పుడు ఇరుగుపొరుగు రావడం నిజమే. కానీ ఇరుగుపొరుగు ఎంత దూరం? మన ఊళ్లలో ఇళ్లన్నీ ఒకచోట, పొలాలు చుట్టూ ఉంటాయి. హోమ్‌స్టెడ్ చట్టం ఎవరి పొలంలో వాళ్లే కాపురముండాలంది. 160 ఎకరాలంటే అర మైలు పొడవు, అర మైలు వెడల్పు. పక్కింటావిడతో మాట్లాడాలంటే మైదానంలో నడుచుకుంటూ పోవాలి, మంచు పడితే అదీ లేదు. 1874లో రష్యా నుంచి కాన్సస్ వచ్చిన మెనొనైట్లు (ఒక క్రైస్తవ శాఖ వాళ్లు) కొందరు తమ పాత పద్ధతిలో వీధికి రెండు వైపులా ఇళ్లు పెట్టుకుని ఊరు కట్టుకున్నారు. నేలను చతురస్రాలుగా కోసిన ఆ లెక్కలో అది ఇమడలేదు, కొన్నేళ్లకే ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు.

రీల్స్ చూసి ఊరటపడేవాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. వాళ్లకు కావాల్సింది బిందెలు మోయడం కాదు. చేసిన పని సాయంత్రానికి కళ్లముందు కనిపించడం, ఒక రోజులో ఒకే పని ఉండటం, ఫోన్ మోగకపోవడం. పయనీర్ ఇంట్లో అవి ఉన్నమాట నిజం. మిగతా సామానుతో కలిపి ఉన్నాయి, విడిగా దొరికేవి కావు.

పంటలు బాగా వచ్చి చేతిలో నాలుగు డబ్బులాడగానే వాళ్లలో చాలామంది చేసిన మొదటి పని, కలప తెప్పించి చెక్క ఇల్లు కట్టుకోవడం. పాత మట్టి ఇల్లు గొడ్ల కొట్టమో సామాన్ల గదో అయింది. కప్పు కారడం పోయింది, పాములు పోయాయి, ఫొటోకి ఇల్లు దాచాల్సిన అవసరం కూడా పోయింది. కొత్తింట్లో మొదటి చలికాలం వచ్చాక కొందరికి ఒక సంగతి తెలిసింది. అంగుళం మందం చెక్క గోడ, పాత మూడడుగుల మట్టి గోడ ఆపినంత చలిని ఆపడం లేదు.